మారుపేరు కార్మికుడికి సొంత పేరు ఇవ్వాలి

గోదావరిఖని, రామగుండం, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ, గోదావరి ఆవలి ఒడ్డున శ్రీరాంపూర్, మందమర్రి... సింగరేణి బొగ్గు బెల్టులో ఎక్కడికి వెళ్లినా రెండు పేర్లున్న మనుషులు కనిపిస్తారు. ఊళ్లో, చుట్టాల్లో, ఓటరు జాబితాలో, భూమి పట్టాలో ఒక పేరు. బాయి (గని) మీద మస్టర్‌లో, జీతం చీటీలో, కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో ఇంకో పేరు. తల్లి పెట్టిన పేరు మల్లయ్య అయితే, లాంప్ రూము దగ్గర రాజేశం అని పిలిస్తే పలకాలి. వీళ్లను ఇక్కడ మారుపేరు కార్మికులు అంటారు. ముప్పై నలభై ఏళ్లు భూమి అడుగున పనిచేసి, ఒళ్లు సహకరించక దిగిపోయే వేళ, ‘మీరు మీరేనని రుజువు ఏమిటి’ అన్న ప్రశ్న ముందు నిలబడుతున్నది వీళ్లే. బొగ్గు తీసింది మనిషి. పేరు రాసుకున్నది రికార్డు. ఆ రెండూ కలవకపోతే రికార్డునే దిద్దాలి. ఒక్కసారికి, బహిరంగంగా, శిక్ష భయం లేకుండా ఆ దిద్దుబాటు జరగాలన్నదే ఈ వ్యాసం వాదన.

రెండో పేరు ఎలా వచ్చిందో తెలియకుండా దీనిమీద తీర్పు చెప్పకూడదు. 1970, 80 దశకాల్లో భూగర్భ గనులు యంత్రాల మీద కన్నా మనుషుల రెక్కల మీదే నడిచేవి. పేల్చిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో (పారతో) టబ్బుల్లోకి నింపే ఫిల్లర్లు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. పాత కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి కూలీలు, కౌలు రైతులు, చేతివృత్తులు చెడినవాళ్లు బాయిల దారి పట్టారు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చీకట్లోకి దిగడానికి అందరికీ గుండె చాలలేదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి నుంచి పిలుపు వచ్చినవాడు భయపడి ఆగిపోతే, అతని కాగితం మీద తమ్ముడో బావమరిదో దిగాడు. నాలుగు మస్టర్లు పడగానే బెదిరి ఊరికి వెళ్లిపోయినవాడి స్థానంలో అదే పేరుతో మరొకడు కుదురుకున్నాడు. డబ్బిచ్చి పేరు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు, దాన్ని దాచనక్కర్లేదు. వీళ్లందరికీ భిన్నంగా, ఎవరి పేరూ తీసుకోకుండానే మారుపేరు పడినవాళ్లున్నారు. ఇంట్లో పిలిచే పేరు చెబితే అదే రాసుకున్న గుమాస్తా, ఓదెలును ఓదేలయ్యగా, పోశంను పోశయ్యగా ఇంగ్లిషు అక్షరాల్లోకి ఎక్కించిన టైపిస్టు, ఇంటిపేరు ఒక చోట రాసి మరో చోట వదిలేసిన రిజిస్టరు వీళ్లకు రెండో పేరు తగిలించాయి. చదువురాని మనిషి వేలిముద్ర వేశాడు. ఏం రాశారో అడిగే స్థితి అతనిది కాదు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ రోజుల్లో ఇది గుట్టుగా సాగిన వ్యవహారం కాదు. పక్కన పనిచేసే వాళ్లకు తెలుసు, సర్దార్‌కు తెలుసు, ఓవర్‌మన్‌కు తెలుసు, సంఘం నాయకుడికి తెలుసు. పై అధికారులకు తెలియలేదంటే నమ్మడం కష్టం. టబ్బులు నిండుతున్నాయి, ఉత్పత్తి లెక్క కుదురుతోంది, కాబట్టి నింపేవాడి పేరు ఎవరికీ పట్టలేదు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ఇప్పుడు దాదాపు నలభై వేలకు పడిపోయింది. అంతమంది అవసరమైనప్పుడు పేరు అడగని సంస్థ, అవసరం తీరి మనిషి వెళ్లిపోయేటప్పుడు పేరు అడగడం న్యాయంగా లేదు.

ఇన్నేళ్లూ సాగిన రెండు పేర్ల బతుకు ఇప్పుడెందుకు సాగడం లేదు? కార్మికుడు మారలేదు, అతని చుట్టూ ఉన్న కాగితాలు మారాయి. జీతం చేతికి నగదుగా ఇచ్చినంతకాలం బాయి పేరు బాయిలోనే ఉండేది, ఊరి పేరు ఊళ్లోనే ఉండేది. బ్యాంకు ఖాతాలు వచ్చాయి. 2010 తర్వాత ఆధార్ వచ్చింది. 2017లో రాష్ట్రమంతటా భూ రికార్డుల ప్రక్షాళన జరిగి పట్టాలకు ఆధార్ ముడిపడింది, 2020లో ధరణి పోర్టల్ వచ్చింది. ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రిజిస్టర్లన్నీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. జీతం ఆగకూడదని కంపెనీ పేరుతో ఆధార్ తీసుకున్నవాడికి ఊళ్లో తండ్రి ఇచ్చిన రెండెకరాలు పరాయి భూమి అయ్యాయి. ఊరి పేరుతో తీసుకున్నవాడికి ప్రావిడెంట్ ఫండ్, పింఛను కాగితాలు అడ్డం తిరిగాయి. ఏ పేరు ఎంచుకున్నా రెండో వైపు తెగిపోతోంది.

ఈ దెబ్బ కార్మికుడి కన్నా ఎక్కువగా తగులుతున్నది భార్యాపిల్లలకు. పిల్లల బడి సర్టిఫికెట్లలో తండ్రి అసలు పేరు ఉంటుంది. పెళ్లి పత్రికలో, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో అదే పేరు ఉంటుంది. కంపెనీ దస్త్రంలో మాత్రం వేరే మనిషి ఉంటాడు. ఆ దస్త్రం ప్రకారం ఈమె అతని భార్య కాదు, ఈ పిల్లలు అతని పిల్లలు కారు. భర్త పోయిన స్త్రీ పింఛను కోసం వెళితే, తాను నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, బాయిలో పనిచేసిన మనిషి ఒక్కరేనని ఆమె రుజువు చేయాలి. కొన్ని సందర్భాల్లో పేరిచ్చిన అసలు వ్యక్తి ఊళ్లో బతికే ఉంటాడు, అతనికీ భార్యాపిల్లలు ఉంటారు. అప్పుడు ఆ కుటుంబం దయ మీద ఈ కుటుంబం బతకాలి. సంతకం పెట్టడానికి వాళ్లు వాటా అడిగితే కాదనే దారి ఉండదు. ఇంత అవమానం ఆమె చేసిన ఏ తప్పుకు?

కొడుకు ఉద్యోగం సంగతి ఇంకా చిక్కు. సింగరేణిలో చాలాకాలం ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలను 2016 చివర్లో సంస్థ మళ్లీ ప్రకటించింది, 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆ తర్వాత, అనారోగ్యంతో పని చేయలేరని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు ఇచ్చే పద్ధతి అమల్లోకి వచ్చింది. తండ్రి అన్‌ఫిట్ అయి ఇంటికి వచ్చాడు, జీతం ఆగింది, కొడుకు దరఖాస్తు పెట్టాడు. తండ్రి పేరు కలవలేదని దస్త్రం విజిలెన్స్‌కు వెళ్లింది. దస్త్రం తిరిగి వచ్చేలోపు కొడుకు వయోపరిమితి దాటిపోతుంది. ఇలా అటు తండ్రి ఉద్యోగం పోయి, ఇటు కొడుకు ఉద్యోగం రాక మధ్యలో చిక్కుకున్న ఇళ్లు బొగ్గు బెల్టులో ఎన్నో ఉన్నాయి. కారుణ్య నియామకాల పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ నిబంధన ఉన్నంతకాలం, పక్కపక్కన పనిచేసిన ఇద్దరిలో ఒకరి కుటుంబానికి వర్తించి మరొకరికి వర్తించకపోవడానికి గుమాస్తా రాత ఆధారం కాకూడదు.

పేరు మారితే హక్కులు, బాధ్యతలు ఏమవుతాయన్న ప్రశ్నకు సింగరేణి చరిత్రలోనే జవాబు ఉంది. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇల్లందు ప్రాంతంలో తవ్వకాల హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అన్న పేరుతో కొత్త సంస్థ నమోదై, పాత కంపెనీ ఆస్తులనూ అప్పులనూ రెంటినీ తీసుకుంది. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుకునేది అందుకే. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది, 1956లో అవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, 2014లో తెలంగాణకు వచ్చాయి. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. పేరు మారింది, యజమాని మారాడు, దేశమే మారింది. గని హక్కులు మాత్రం ఒక్కరోజు కూడా తెగిపోలేదు. సంస్థ పేరు ఖమ్మం జిల్లా కారేపల్లి దగ్గరి ఒక పల్లెది, తవ్వేది మాత్రం గోదావరికి రెండు వైపులా అనేక జిల్లాల్లో. ఆ పేరుకూ ఈ నేలకూ పొంతన లేదని ఎవరూ సంస్థ హక్కులను ప్రశ్నించరు. కాగితం మీద పుట్టిన సంస్థకు పేరు మారినా కొనసాగే హక్కు ఉన్నప్పుడు, రక్తమాంసాలున్న మనిషికి తన సర్వీసు తన సొంత పేరు మీదికి తెచ్చుకునే హక్కు ఎందుకు ఉండకూడదు? 2021 జూన్‌లో జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు పేరు మనిషి గుర్తింపులో విడదీయరాని భాగమనీ, దాని మీద వ్యక్తికి ఉండే అధికారం రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చే భావప్రకటనా స్వేచ్ఛలో భాగమనీ చెప్పింది. ఆ కేసు సీబీఎస్‌ఈ సర్టిఫికెట్ల గురించి. కానీ ఆ సూత్రం బడి గోడ దగ్గర ఆగిపోయేది కాదు.

ఇక అభ్యంతరాలు. వీటిని తేలిగ్గా తీసేయకూడదు, ఎందుకంటే వాటిలో నిజం ఉంది. మొదటిది: ఇతరుల పేరుతో ఉద్యోగంలో చేరడం మోసం, మోసాన్ని క్రమబద్ధం చేస్తే నిజాయితీగా చేరినవాడిని ఏమనాలి? దీనికి జవాబు చెప్పాలంటే మోసపోయింది ఎవరని మొదట అడగాలి. జీతం తీసుకుని పని చేయకపోయి ఉంటే సంస్థ మోసపోయినట్టు. ఇక్కడ పని జరిగింది. మస్టర్ పడిన ప్రతి షిఫ్టుకూ ఒక మనిషి కిందికి దిగాడు, బొగ్గు పైకి వచ్చింది. మరి పేరుగల అసలు వ్యక్తి మోసపోయాడా? తానే వద్దనుకుని తమ్ముడికి ఇచ్చినవాడు కాలేదు. కానీ మోసపోయినవాళ్లు నిజంగా ఉండే సందర్భాలు రెండున్నాయి. గని కింద భూమి పోగొట్టుకున్న కుటుంబానికి దక్కాల్సిన ఉద్యోగాన్ని వాళ్ల పేరుతో బయటివాడు కాజేస్తే అది ఆ నిర్వాసితుడి నోటి దగ్గరి కూడు తీసుకోవడమే. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులో ఆ వర్గం వ్యక్తి పేరుతో ఇతరులు చేరినా అంతే. ఈ రెండింటినీ క్షమించాలని ఎవరూ అడగకూడదు, ఈ వ్యాసమూ అడగడం లేదు. అయితే ఆ కొన్ని కేసులను చూపించి, ‘లింగయ్య’ను ‘లింగం’గా రాసినందుకు నష్టపోతున్నవాడిని కూడా అదే గాటన కట్టడం ఏ విచారణ సూత్రానికీ నిలవదు. వేరు చేయడమే విచారణ పని. అందరినీ పెండింగులో పెట్టడం విచారణను తప్పించుకోవడం.

రెండో అభ్యంతరం అధికారులు ఎక్కువగా చెప్పేది. సర్వీసు చివర్లో రికార్డులు మార్చమనడం కుదరదు, పుట్టిన తేదీ విషయంలో కోర్టులు ఇదే అన్నాయి అంటారు. నిజమే, సర్వీసు చరమాంకంలో పుట్టిన తేదీ మార్పును సుప్రీంకోర్టు ఎన్నోసార్లు తిరస్కరించింది. కానీ పుట్టిన తేదీ మారితే ఉద్యోగి అదనంగా కొన్నేళ్లు పనిచేస్తాడు, అదనంగా జీతం తీసుకుంటాడు, కింది వాళ్ల పదోన్నతి ఆగుతుంది. పేరు మారితే ఒక్కరోజు సర్వీసు కూడా పెరగదు, ఒక్క రూపాయి జీతం కూడా పెరగదు. పైగా పుట్టిన తేదీ విషయంలోనే బొగ్గు పరిశ్రమ ఒక దారి వేసుకుంది. చేరేనాటి రికార్డులు సరిగా లేవన్న వాస్తవాన్ని ఒప్పుకుని, వేతన ఒప్పందాల కింద 1988లో 76వ నంబరు అమలు సూచన తెచ్చారు. వయసు విషయంలో తేడాలుంటే ఏ పత్రం చూడాలి, ఏ కమిటీ తేల్చాలి అన్నది అందులో ఉంది. వయసు తప్పుపడిన రిజిస్టరులో పేరు మాత్రం తప్పుపడదని ఎలా అనగలం? వయసుకు చేసిన ఏర్పాటు పేరుకూ చేయవచ్చు.

రుజువు ఎలా అన్నది నిజానికి పెద్ద సమస్య కాదు. దేశంలో గని కార్మికుడికి ఉన్నంత రికార్డు మరే కూలీకీ ఉండదు. గనుల చట్టం కింద ఫారం-బి రిజిస్టరు ఉంది. చేరేటప్పుడూ, తర్వాత విడతల వారీగానూ చేసే వైద్య పరీక్షల కాగితాలున్నాయి, వాటిలో పుట్టుమచ్చలున్నాయి. వృత్తి శిక్షణ రికార్డు ఉంది, ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్ మీద వేలిముద్ర ఉంది. పక్కన పనిచేసిన మనుషులు ఇంకా బతికే ఉన్నారు. ముప్పై ఏళ్ల కిందటి వేలిముద్ర, ఇవాళ్టి వేలిముద్ర ఒకటే అయితే పనిచేసిన మనిషి ఎవరన్న ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. భద్రత కోణంలోనూ ఇది సంస్థకే అవసరం. 2003 జూన్ 16న గోదావరిఖని జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి రోజున పిట్ ఆఫీసు ముందు నిలబడ్డ కుటుంబాలు వెతుక్కునేది జాబితాలో ఒక పేరునే. కింద ఎవరున్నారో చెప్పే జాబితా నిజం చెప్పాలి.

మూడో అభ్యంతరం దళారులది. అవకాశం ఇవ్వగానే అసలు వారసులు కానివాళ్లు కూడా మారుపేరు కథ చెప్పుకుని ఉద్యోగాలు కొంటారన్న భయం ఉత్తది కాదు. అయితే దళారి బతికేది మూసిన తలుపు దగ్గర. నిబంధన ఏమిటో తెలియనప్పుడు, ఫలితం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, తెలిసిన మనిషి కోసం వెతుక్కుంటారు. గడువు, అవసరమైన పత్రాలు, నిర్ణయానికి కారణం అన్నీ నోటీసు బోర్డు మీద ఉంటే దళారికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు.

ఈ విషయంలో అమెరికా చైనీయుల అనుభవం మనకు పనికొస్తుంది, హెచ్చరికగా కూడా. 1882 చట్టంతో అమెరికా చైనా కార్మికుల రాకను నిషేధించింది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో, దాని వెంట వచ్చిన మంటల్లో జనన రికార్డులు కాలిపోవడంతో, అక్కడి పౌరుల కొడుకులమని కాగితాలు కొనుక్కుని వేల మంది దేశంలో అడుగుపెట్టారు. వాళ్లను కాగితపు కొడుకులు అన్నారు. పరాయి ఇంటిపేరుతో పనిచేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లలకు అదే ఇంటిపేరు ఇచ్చారు. 1956లో ప్రభుత్వం నిజం చెబితే చట్టబద్ధం చేస్తామని ఒక కార్యక్రమం పెట్టింది. దాదాపు 14 వేల మంది ముందుకొచ్చి అసలు పేర్లు చెప్పారు. కానీ క్షమాభిక్షకు పూర్తి హామీ ఇవ్వలేదు. ఒకరు చెప్పిన నిజం అదే కాగితాల మీద వచ్చిన బంధువులందరినీ బయటపెట్టింది. రాజకీయంగా నచ్చనివాళ్ల మీద ఆ ఒప్పుకోలునే ఆయుధంగా వాడారు. అందుకే ఎంతోమంది నోరు విప్పకుండానే, పరాయి ఇంటిపేరుతోనే చనిపోయారు. నిజం చెప్పినవాడిని ఆ నిజంతోనే కొట్టబోమన్న రాతపూర్వక హామీ లేకుండా గోదావరిఖనిలో దరఖాస్తులు పిలిచినా జరిగేది ఇదే. ఈపాటికే విజిలెన్స్ పేరు చెబితే కార్మికుడు తడబడుతున్నాడు.

కాబట్టి చేయాల్సింది ఇది. మారుపేర్ల దిద్దుబాటుకు సంస్థ ఒక గడువుతో ఒకే ఒక్క అవకాశం ప్రకటించాలి. దరఖాస్తును పిట్ ఆఫీసులోనూ, కార్మికుడి సొంత ఊరి గ్రామ పంచాయతీలోనూ అతికించాలి. పేరుగల అసలు వ్యక్తి, లేదా అతని వారసులు అభ్యంతరం చెబితే వినాలి, చెప్పకపోతే తర్వాత వాటా అడిగే దారి మూసేయాలి. రెవెన్యూ, ప్రావిడెంట్ ఫండ్, సంస్థ వైద్య విభాగం, గుర్తింపు సంఘం కలిసి ప్రతి ఏరియాలో కూర్చుని కేసులు తేల్చాలి. నిర్వాసితుల ఉద్యోగాలు, రిజర్వుడు పోస్టులు వేరుగా, కఠినంగా చూడాలి. పాత పేరును కొట్టేయకుండా దాని పక్కన అసలు పేరు చేర్చి రెండూ ఒకే మనిషివని సర్వీసు పుస్తకంలో రాయాలి. పోలీసు, కోర్టు దస్త్రాల్లో అలియాస్ అని రాయడం మనకు కొత్తేమీ కాదు. ఈలోపు వయోపరిమితి దాటిన పిల్లలకు దరఖాస్తు పెట్టిన నాటి వయసునే లెక్కించాలి. ఆలస్యం సంస్థది అయినప్పుడు నష్టం కుర్రవాడిది కాకూడదు.

గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడల్లా మారుపేర్ల మాట ప్రతి జెండా కింద నుంచీ వినిపిస్తుంది. 2017 అక్టోబరులో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, 2023 డిసెంబరులో ఏఐటీయూసీ గెలిచాయి. ప్రభుత్వం కూడా మారింది. హామీలు మాత్రం హామీలుగానే ఉన్నాయి. ఇందులో సంఘాల బాధ్యత తక్కువేమీ కాదు. ఒక్కో దస్త్రాన్ని విడివిడిగా పట్టుకుని తిరిగే పైరవీ నాయకుడికి పేరు తెస్తుంది గానీ సమస్యను తీర్చదు. అందరికీ వర్తించే ఒక్క సర్క్యులర్ కోసం పట్టుబట్టాల్సింది సంఘాలే.

వ్యవధి ఎక్కువ లేదు. సింగరేణిలో పదవీ విరమణ వయసు 61. 1985లో ఇరవై ఏళ్లకు బాయి దిగిన మనిషికి 2026లో 61 నిండుతాయి. మారుపేర్లతో చేరిన తరంలో చివరివాళ్లు ఇప్పుడు దిగిపోతున్నారు. వాళ్లు చివరి మస్టర్ వేయకముందే సింగరేణి యాజమాన్యం, రాష్ట్ర ప్రభుత్వం ఆ సర్క్యులర్ విడుదల చేయాలి.